పేరు చెప్పని ప్రార్థన

"నేను పేరు చెప్పలేదే!" అంది అమ్మ, మూడోసారి.

చెప్పలేదు, నిజమే. గురువారం స్త్రీల కూడికలో లేచి నిలబడి, చీటీ చూసుకుంటూ ప్రార్థన అంశం చదివిందట. "ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఒక సహోదరి. సన్నగా ఉంటుంది. భర్తని వదిలేసి వచ్చింది. తాగుడు మాన్పించే వార్డులో ఆరు వారాలు ఉంది. ఆ సంగతి దాచి ఉద్యోగంలో చేరింది. ఆమె సావాసం నుంచి మా అమ్మాయిని తప్పించమని అందరూ భారంతో ప్రార్థించండి."

అందరూ భారంతోనే ప్రార్థించారు. అందులో మా లాండ్రీ సూపర్‌వైజర్ గారి భార్య కూడా ఉంది. ఆవిడ ఆమెన్ అని ఇంటికి వెళ్ళింది. శుక్రవారం మధ్యాహ్నానికల్లా గుండుసూది చేతిలో మెమో పడింది. చేరేటప్పుడు చికిత్స సంగతి ఎందుకు దాచావు, సోమవారం పది గంటలకి వచ్చి సంజాయిషీ చెప్పు, లేకపోతే ఉద్యోగం మీద ఆశ వదులుకో, అని.

గుండుసూది అన్నది లాండ్రీలో మేం పెట్టిన పేరు. మనిషి సన్నం, మాట పదును. ఆ పేరు పెట్టిన రోజున అందరికంటే ఎక్కువ నవ్వింది తనే.

"లాండ్రీలో ఆడవాళ్ళం నలుగురం అమ్మా," అన్నాను. "ఒకావిడకి అరవై ఏళ్ళు. ఒకావిడ లోపలికి రావాలంటే తలుపు రెండు రెక్కలూ తీయాలి. ఒకదాన్ని నేను. ఇంకెవరు మిగిలారో నువ్వే చెప్పు."

అమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని స్కూలు పిల్లల చొక్కాలకి కాలర్లు కుడుతోంది. ఆదివారం మిషన్ ముట్టని మనిషి, ఇవాళ గుడి నుంచి రాగానే కూర్చుంది. చేతులు ఊరుకుంటే నాకు మొహం చూపించాల్సి వస్తుందని.

"ఆవిడ వెళ్ళి మొగుడికి చెప్తుందని నాకేం తెలుసు?" అంది చివరికి. "ప్రార్థనలో విన్నది ప్రార్థనలోనే ఉండాలి."

"నేను నీకు చెప్పింది కూడా ప్రార్థనలోనే ఉండాలి కదా."

మిషన్ ఆగింది. అమ్మ పాదం పెడల్ మీదే ఉండిపోయింది.

అమ్మని అంటున్నాను గానీ, మొదట నోరు జారింది నేనే. గుండుసూది ఆ సంగతి లాండ్రీలో నాకొక్కదానికే చెప్పింది. నేను తెచ్చి అమ్మకి చెప్పాను. కొండేలు చెప్పినట్టు కాదు, ఎంతో భక్తిగా, "ఆవిడ కోసం ప్రార్థన చెయ్యమ్మా" అని చెప్పాను. మా ఇళ్ళల్లో ఒకరి గుట్టు బయటపెట్టడానికి ఇంతకన్నా మర్యాదైన దారి లేదు. మూడు రోజుల నుంచి అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నాన్న లోపలి గదిలోంచి వచ్చారు. గుడికి వేసుకున్న తెల్లచొక్కా ఇంకా విప్పలేదు. ఆయన లిఫ్ట్ మెకానిక్. ఎన్నిసార్లు సబ్బు పెట్టి తోమినా గోళ్ళ మూలల్లో గ్రీజు పోదు. సంఘంలో పెద్ద. ఆ చేతులతోనే ఆదివారం ప్రభువు బల్ల మీద రొట్టె పళ్ళెం పట్టుకుంటారు.

"అయితే ఇప్పుడు ఏమంటావు?" అన్నారు.

"వెళ్ళి చెప్పేసి వస్తాను. బయటపెట్టింది నేనేనని."

"ఏమీ అక్కర్లేదు. నీకు చేతకానిది ప్రభువే చేసిపెట్టాడు. ఆమె తన దారిన తను పోతుంది. నువ్వు బాగుపడతావు."

"ఆవిడ ఉద్యోగం పోతే నేను బాగుపడడమేంటి నాన్నా? ఆవిడేమైనా అంటురోగమా?"

"నోరు లేస్తోంది," అన్నారు, అమ్మ వైపు చూసి. "చూశావా, ఎనిమిది నెలల సావాసం."

నోరు నాకు పుట్టుకతోనే ఉంది. ఆ ఘనత గుండుసూదికి కట్టబెట్టడం నాకు నచ్చలేదు. ఆ మాటే అన్నాను.

నాన్న కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. యువకుల కూడికల్లో ఏటా చెప్పే మాటే నెమ్మదిగా చెప్పారు. "లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే అడుగు వేయకూడదు. అవతల గది వచ్చి ఆగిందో లేదో చూసి వేయాలి. స్నేహమూ అంతే."

కూడికల్లో పిల్లలు ఈ మాట విని నవ్వుకుంటారు. మా ఇంట్లో ఎవరం నవ్వం. చిన్నాన్న కూడా లిఫ్ట్ మెకానిక్కే. ఒక మధ్యాహ్నం స్నేహితుడితో కలిసి తాగి పనిలోకి దిగాడు. ఆ స్నేహితుడు ఆరో అంతస్తులో తలుపు తీసి పట్టుకుని, "పద" అన్నాడు. చిన్నాన్న వాడిని నమ్మి అడుగు వేశాడు. గది రెండో అంతస్తులో ఉంది. కిందికి దిగి తమ్ముణ్ణి ఎత్తుకున్నది నాన్నే.

"వాడూ అన్నాడు, నా స్నేహితుడు మంచివాడే అన్నయ్యా అని," అన్నారు నాన్న. "నాకింక ఎవరినీ మోసే ఓపిక లేదమ్మడూ."

ఆయన భయం నాకు తెలుసు. దాని మీద నాకు కోపం లేదు. ఆ భయంతో ఇంకో మనిషిని తోసేస్తుంటే చూస్తూ కూర్చోలేను, అంతే.

"అక్కడ అడుగు వేసింది నేను కాదు నాన్నా," అన్నాను. "నన్ను నమ్మి అడుగు వేసింది ఆవిడ. అవతల గది లేదు."

అమ్మ తల వంచుకుంది.

"ప్రభువు పాపులతో కలిసి భోజనం చేశాడని మీరే కదా చెప్పారు," అన్నాను.

"ఆయన ప్రభువు. నువ్వు కాదు." ఈ జవాబు ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "ఆయనైనా శిష్యుల్ని ఊరికే పోగేసుకోలేదు. రాత్రంతా ప్రార్థన చేసి పన్నెండుమందిని ఏరుకున్నాడు."

"అలా ఏరుకున్నవాళ్ళలోనే ఒకడు ఆయన్ని పట్టించాడు. గుండుసూది కూడా నన్ను చూసే ఏరుకుంది. ఆ ఒకణ్ణి నేను అయ్యాను. సావాసం చెడ్డదని భయపడాల్సింది ఎవరు నాన్నా? నేనా, ఆవిడా?"

అమ్మ ఏడుపు ఆపుకోవడానికి కాలర్ గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది.

"చాలు," అన్నారు నాన్న, లేచి. "నువ్వు గడప దాటి ఆమె దగ్గరికి వెళ్ళావంటే వచ్చే ఆదివారం నుంచి సండే స్కూల్లో పాఠం చెప్పడానికి వీల్లేదు. సంఘ పెద్దగా చెప్తున్నాను."

"నాన్నగా ఏం చెప్తున్నారు?"

ఆయన కుర్చీని మళ్ళీ గోడకి జరిపేశారు. నేను బీరువాలోంచి హాజరుపట్టీ, సుద్దముక్కల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను.

"పదమూడో పాఠం దాకా అయింది," అన్నాను. "చివరి బెంచీ పిల్లకి సరిగ్గా వినపడదు. దగ్గరికెళ్ళి చెప్పాలి."

చెప్పులు వేసుకుని గడప దాటాను. వెనక్కి చూడలేదు.

* * *

గుండుసూది ఉండేది మూడో అంతస్తులో ఒంటి గది. తలుపు తీసి, నన్ను చూసి, "రా రా, టీచరమ్మా!" అంది, పండగలా. "నీ కోసమే అనుకుంటున్నా. నాకు అక్షరాలు వస్తాయి గానీ వరసలో నిలబడవు. ఈ సంజాయిషీ కాస్త చూసిపెట్టు."

మంచం మీద కాగితం, పెన్ను. కిటికీకి యూనిఫాం ఆరేసి ఉంది. పని లేని రోజున కూడా గదిలో లాండ్రీ సబ్బు వాసనే.

నేను కూర్చోలేదు. ఆమె టీ నీళ్ళు పెడుతూ మాట్లాడుతూనే ఉంది. "ఆ వార్డులో కాగితాలు రాసే గుమాస్తా ఒకడుండేవాడు. వాడే ఎవడి చెవిలోనో ఊదుంటాడు. ఇంకెవరికి తెలుసు? నువ్వా చెప్పవు. కింద సాక్షి అని ఒక గీత ఉంది చూడు, నీ పేరు రాశాను. ఎనిమిది నెలలు రోలర్ దగ్గర నా ఎదురుగా నిలబడ్డదానివి. నేను ఒక్కరోజైనా తాగి వచ్చానో లేదో నీకంటే ఎవరికి తెలుసు?"

రోలర్ అంటే మా లాండ్రీలో తడి దుప్పట్లని ఇస్త్రీ చేసే వేడి యంత్రం. దుప్పటి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు పట్టుకుని సమానంగా లోపలికి అందించాలి. ఒకరు పట్టు వదిలితే దుప్పటి మెలిపడి రెండోవాళ్ళ చేతిని లాగేస్తుంది. ఎనిమిది నెలలు నా ఎదుటి చివర పట్టుకున్నది గుండుసూదే. ఒక్కసారి కూడా వదల్లేదు.

"అక్కా," అన్నాను. "గుమాస్తా కాదు. నేను."

ఆమె తిరగలేదు. నీళ్ళు మరుగుతున్నాయి.

"మా అమ్మకి చెప్పాను. ప్రార్థన చెయ్యమని. అమ్మ కూడికలో చెప్పింది. అక్కడ సూపర్‌వైజర్ గారి భార్య ఉంది."

స్టవ్ కట్టేసింది. గ్లాసులో టీ పోయలేదు. గోడకి ఆనుకుని నిలబడి నన్ను చూసింది. ఆ చూపు కంటే నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు ఆమెకి రాక కాదు.

"నా గురించి మీ దేవుడికి చెప్పడానికి మీ అమ్మ ఎందుకు?" అంది. "నువ్వు చెప్తే వినడా ఆయన?"

ఇరవై రెండేళ్ళు గుడిలో కూర్చున్నాను. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

"రేపు నేను లేచి, అదంతా నేను కల్పించానని చెప్తాను," అన్నాను గబగబా. "అమ్మ పొరబడిందని చెప్తాను. నువ్వు ఏమీ ఒప్పుకోకు."

"నోరు ముయ్యి." గట్టిగా అనలేదు. "తాగినన్నాళ్ళూ అబద్ధాల మీదే బతికాను. పొద్దున లేస్తే ఏ అబద్ధం ఎవరికి చెప్పానో గుర్తు తెచ్చుకోవడానికే గంట పట్టేది. ఉద్యోగం ఫారంలో చికిత్స తీసుకున్నావా అన్న చోట 'లేదు' అని రాసిందే చివరిది. అదీ ఉద్యోగం రాదేమోనన్న భయంతో. రేపు వెళ్ళి అవును, దాచాను అంటాను. ఉంచితే ఉంటా, పొమ్మంటే పోతా. నా కోసం నువ్వు కొత్తగా ఈ విద్య నేర్చుకోకు."

తాగుబోతు సావాసం అని మా వాళ్ళు వణికిపోయింది ఈ మనిషిని చూసి.

మంచం కింద రేకుపెట్టె లాగి, నాలుగు మడతల కాగితం తీసి నా ముందు పరిచింది. మధ్యలో గీత కొట్టి ఉంది. ఎడమవైపు పదిహేను, పదహారు పేర్లు. అన్నీ కొట్టేసి ఉన్నాయి. ఒకటి ఆమె భర్త పేరు. ఒకటి సొంత చెల్లెలి పేరు.

"వార్డులో డాక్టరమ్మ రాయించింది," అంది. "ఎవరి దగ్గరికి వెళ్తే మళ్ళీ తాగుతావో వాళ్ళ పేర్లు ఈ పక్క రాయి. ఎవరి దగ్గరికి వెళ్తే తాగవో వాళ్ళ పేర్లు ఆ పక్క రాయి అంది. ఈ పక్క ఒక్క పూటలో నిండిపోయింది. ఒక్కొక్కళ్ళనీ వదిలించుకున్నా. మా చెల్లెల్ని వదులుకున్న రోజున అన్నం ముట్టలేదు."

కుడివైపు ఒక్కటే పేరు ఉంది. నాది. అక్షరాలు వంకరగా, వత్తి వత్తి రాసింది.

"తొందరపడి రాయలేదు," అంది గుండుసూది. "నాలుగు నెలలు నిన్ను చూశాక రాశాను."

స్నేహితుల్ని చూసి ఎంచుకోవాలని నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ చెప్తూనే ఉన్నారు. అంత జాగ్రత్తగా ఎంచుకున్న మనిషిని నేను మొదటిసారి ఆ గదిలోనే చూశాను. ఆమె చేసిన ఒక్క పొరపాటు నేను.

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. అయినా అడిగాను. ఆమె కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టి పెట్టెలో వేసింది. సంజాయిషీ తీసుకుని సాక్షి అన్న చోట నా పేరు మీద అడ్డంగా గీత గీసింది.

"రేపు నువ్వు రావద్దు," అంది.

"వస్తాను."

"పిలవలేదు నిన్ను."

"పిలవకపోయినా వస్తాను. నువ్వు తలుపు మొహం మీద వేసినా వస్తాను."

తలుపు మొహం మీదే వేసింది. మెట్లు దిగుతూ ఏడ్చాను. ఏడుస్తూనే అనుకున్నాను, పది గంటలు కాదు, తొమ్మిదిన్నరకే వెళ్ళి కూర్చుంటానని.

* * *

తొమ్మిదిన్నరకే వెళ్ళాను. నాకంటే ముందు నాన్న ఉన్నారు.

సూపర్‌వైజర్ గారి గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, పనిముట్ల సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని. ఆసుపత్రి లిఫ్టులు చూసేది ఆయనే కాబట్టి లోపలికి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నన్ను చూసి తల తిప్పుకున్నారు.

"బ్రదర్ అంతా చెప్పారమ్మా," అన్నారు సూపర్‌వైజర్ గారు, మెత్తగా. "నీకు ఇబ్బంది లేకుండా చూసే పూచీ నాది. ఆమె చికిత్స సంగతి తెలిసీ నువ్వు మాకు చెప్పకపోతే అదీ దాచినట్టే. నీ ఉద్యోగానికీ ముప్పే. అందుకని చిన్న కాగితం తయారుచేశాం. సంతకం పెట్టి వెళ్ళిపో."

కాగితం చదివాను. సదరు ఉద్యోగినితో నాకు పని పరిచయం తప్ప వేరే సంబంధం లేదు. ఆమె అలవాట్ల గురించి గానీ, గతం గురించి గానీ నాకు ఏమీ తెలియదు.

నాన్న అక్షరాలు నాకు తెలుసు. గుడిలో నోటీసులు రాసే గుండ్రటి రాత. అబద్ధం ఆడవద్దని నా చేత పలక మీద దిద్దించిందీ ఆ చెయ్యే.

తలుపు దగ్గర అలికిడైంది. గుండుసూది వచ్చింది. ఉతికిన యూనిఫాం, బిగించి కట్టిన జుట్టు. నన్ను చూసింది, నాన్నని చూసింది, కాగితం చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకి విషయం అర్థమైపోయింది. వచ్చి గోడ పక్కన నిలబడింది.

"నాకు తెలుసు సార్," అన్నాను. "ఆవిడ గతం తెలుసు. అలవాట్లూ తెలుసు. పొద్దున అందరికంటే ముందొస్తుంది. రోగుల గౌన్ల జేబుల్లో సూదులు మిగిలిపోతాయని కొత్తవాళ్ళని తడమనివ్వదు, తనే తడుముతుంది. మూడు నెలల కిందట నా ఏప్రన్ తాడు రోలర్‌లో పడితే నేను కెవ్వుమనే లోపలే ఎర్ర బటన్ నొక్కేసింది. తాగిన చెయ్యి అంత చురుగ్గా కదలదు. మీరు ఆ రోజు రిజిస్టర్ తీయించండి."

"అమ్మడూ," అన్నారు నాన్న.

"ఆ సంగతి బయటికి వచ్చింది కూడా మా ఇంటి నుంచే. ప్రార్థన పేరు చెప్పి మేం బయటపెట్టాం. మీ ఇంటి నుంచి ఇక్కడికి వచ్చింది. ఇందులో తప్పు ఒప్పుకోవాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు సార్. వాళ్ళందర్నీ వదిలేసి ఒక్క మనిషిని నిలబెట్టారు."

సూపర్‌వైజర్ గారి మొహం ఎర్రబడింది. మెత్తదనం పోయింది. "ఉపన్యాసాలు వద్దు. ఒక్కటే అడుగుతున్నా. ఈమె నీకు ఏమవుతుంది?"

నాన్న నా వైపే చూస్తున్నారు. ఆయన కళ్ళల్లో అంత బతిమాలుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"స్నేహితురాలు," అన్నాను.

గుండుసూది తలెత్తింది. నా వైపు కాదు, సూపర్‌వైజర్ గారి వైపు.

"కాదు సార్," అంది. "ఈ పిల్ల వట్టిదే చెప్తోంది. నాకూ తనకీ ఏ స్నేహమూ లేదు. దుప్పటి అవతలి చివర పట్టుకుంటుంది, అంతే. నా సంగతులు తనకేం తెలుసు? ఆ కాగితంలో రాసిందే నిజం."

ఎనిమిది నెలల్లో ఆమె నోట నేను విన్న మొదటి అబద్ధం అది. ఒక్క అక్షరం తడబడకుండా, సూటిగా చూస్తూ చెప్పింది. నన్ను కాపాడడానికి.

నాన్న చాలాసేపటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలారు. సూపర్‌వైజర్ గారు కాగితాన్నీ పెన్నునీ నా ముందుకి జరిపారు.

"విన్నావుగా. పెట్టు సంతకం."

పెన్ను తీసుకున్నాను. 'వేరే సంబంధం లేదు' అన్న చోట 'లేదు' కొట్టేసి, పైన 'ఉంది' అని రాశాను. 'ఏమీ తెలియదు' కొట్టేసి 'అన్నీ తెలుసు' అని రాశాను. కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టి కాగితం వెనక్కి జరిపాను.

నాన్న ఒక్క ఉదుటున కుర్చీలోంచి లేచారు. నేను వెళ్ళి గోడ దగ్గర గుండుసూది పక్కన నిలబడ్డాను.